ప్లగ్గు పీకిన చెయ్యి

పాత రౌటర్ మూత ఊడదీస్తే వేడెక్కిన దుమ్ము, ప్లాస్టిక్ కలిసిన వాసన ఒకటి గుప్పున వస్తుంది. మా ధర్మవరం ఇళ్లలోనైతే దానికి పట్టు నూగు కూడా తోడై కాస్త కమురు కంపు కొడుతుంది. ఇంట్లో వాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఇంకోసారి పీల్చుకుంటాను. ఆ వాసన వస్తే చాలు, రత్నక్క పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

రత్నక్క హిందూపురంలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పయ్యేళ్లు తీగలతో కాపురం చేసి రిటైరైంది. చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే పనిలో చేరి, నేను ఆమె మేడమీద గదిలో దిగేనాటికి ఆమెకు అరవై దాటాయి, నాకు ఇరవై నాలుగు. మొదటిరోజు మర్యాదకు "అవ్వా" అని పిలిచాను. "అవ్వ అన్నావంటే మేడమీదికి నీళ్లు రావు సూడు. మోటారు స్విచ్చి నా తావ ఉండాది" అంది. అప్పటినుంచి అక్కే. అరవై ఏళ్లప్పుడు కొత్త విద్య నేర్చుకోవడానికి సిగ్గుపడని మనిషిని నేను ఆమెనే చూశాను. రౌటర్‌లో కంపెనీవాళ్లు పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి, ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఉచితంగా పెట్టినదాన్ని దాంట్లోకి ఎక్కించడం ఆమె రిటైరయ్యాక నేర్చిన విద్య. ఆ వీధిలో సగం ఇళ్ల రౌటర్లు ఆమె చేతి మీదుగా పోయినవే.

నా గదికి నెట్ సరిగ్గా రావడం లేదంటే తనే నన్ను షాపుకు తీసుకుపోయింది. షాపాయన ఆరు యాంటెన్నాలున్న నల్లటి డబ్బా ఒకటి చూపించి, గోడలు చీల్చుకుని పోతుందన్నాడు. నాకు అది తెగ నచ్చింది. రత్నక్క దాన్ని తిప్పి కూడా చూడలేదు. "కొమ్ములు సూసి ఎద్దును కొంటారా యాడన్నా? నోరు తెరిచి పండ్లు సూడల్ల" అని, మూలనున్న రెండు యాంటెన్నాల చిన్నదాన్ని అందుకుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి అడుగున ఉన్న చీటీ చదివింది. మోడల్ నంబరు, దాని పక్కన చీమంత అక్షరాల్లో వర్షన్ నంబరు బస్సు టికెట్ వెనక రాసుకుని, "రేపొస్తాం లేప్పా" అని బయటికి నడిచింది. ఇంటికొచ్చాక ఇంటర్నెట్‌లో జాబితా తీసి, మెమరీ ఎంత, చిప్పు ఏది, మన సాఫ్ట్‌వేర్ దీనికి సరిపోతుందా అని గంటసేపు చూసింది. "పేరు అదే ఉంటాది, డబ్బా అదే ఉంటాది, వర్షన్ మారిందంటే లోపల మనిషే వేరు. పెండ్లిసంబంధానికైనా ఇంత ఇచారించల్ల" అంది. పెళ్లి చేసుకోని మనిషి ఆ మాటనేసరికి నాకు నవ్వాగలేదు.

మర్నాడు ఆ చిన్నదే కొన్నాం. వైఫై మీద కాకుండా కేబుల్‌తోనే కంప్యూటర్‌కు కలపాలంది. హిందూపురం కరెంటును నమ్మకుండా రెండింటినీ యూపీఎస్‌కు తగిలించింది. ఫైలు ఎక్కడం మొదలైంది. తెర మీద గీత సగం దాకా పోయి నిలబడిపోయింది. రౌటర్ మీద దీపం పచ్చ నుంచి నారింజకు మారి పిచ్చిపిచ్చిగా కొట్టుకోసాగింది. నాకు తెలియకుండానే నా చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. ఆమె దాని మీద చిన్న దెబ్బ వేసింది.

"గమ్మున కూర్చో. చేతులు కట్టుకో."

తప్పు నాది కాదు, నేను పెరిగిన ఇంటిది. మాది మగ్గం ఇల్లు. పోగు తెగినాక ఇంకొక్క దెబ్బ వేశామంటే ఆ లోపం చీర ఉన్నంతకాలం ఉంటుంది. అందుకే చప్పుడులో ఏమాత్రం తేడా వచ్చినా ముందు ఆపు, తర్వాత చూడు అని నాయన నాకు ఊహ తెలిసినప్పటినుంచి చెప్పాడు. ఆ మాట చెబితే రత్నక్క ఒప్పుకుంది. "మగ్గాన్ని ఆపితే చీర బతుకుతాది. దీన్ని నడాన ఆపితే ఇది సస్తాది. పాత బుద్ధి పోయి, కొత్త బుద్ధి రాక సగంలో నిలబడిపోతాది. అంతా అయ్యేదాకా మనం చేసే పనేమీ లేదు, కూర్చునేదే పని" అంది. పది నిమిషాలకు దీపం పచ్చబడింది. ఆ పది నిమిషాలూ నా చేతులు నా చంకల్లో ఇరుక్కునే ఉన్నాయి.

ఏడాది తర్వాత అసలు పరీక్ష వచ్చింది. నాయన నేసిన చీరలు రెండు నెలలుగా అమ్ముడుపోక ఇంట్లోనే ఉన్నాయి. బెంగళూరు వ్యాపారి ఒకాయన, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వీడియోలో చూస్తానన్నాడు. పవర్‌లూమ్ చీరలను చేనేత అని అంటగడుతున్నారని ఆయన భయం. మీ మగ్గం మీద మీరు నేస్తుంటే చూడాలి, నమ్మకం కుదిరితే నెలనెలా తీసుకుంటానన్నాడు. మా మగ్గమేమో గుంట మగ్గం, వెనకగదిలో ఉంది. ఆ గదికి గోడలూ రాళ్లే, పైకప్పూ బండలే. ఫోను లోపలికి తెస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా ఉండదు. ఈ బేరం పోతే మగ్గం ఆపేసి గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేరతానని నాయన అప్పటికే ఒకరికి మాటిచ్చి వచ్చాడు. ఆ మాట అమ్మ నాకు ఫోన్‌లో చెప్పి ఏడ్చింది.

ముందుగదిలోని వైఫైని అందుకుని వెనకగదికి చేరవేసే రౌటర్ ఇంకొకటి కావాలి. రత్నక్క తన పాతది ఇచ్చింది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో అది ఆ పని చేయదు, మార్చాల్సిందే. "ఎక్కించేది ఈడనే ఎక్కించుకొని పో" అంది. "నాకొచ్చులే అక్కా" అన్నాను. నాయన ముందు చేసి చూపించాలని నా గొప్ప. గురువారం మధ్యాహ్నం ధర్మవరంలో, నాయన పక్కన కూర్చుని చూస్తుండగా మొదలుపెట్టాను. గీత సగంలో ఆగింది. దీపం నారింజకు తిరిగింది. ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత చెయ్యి తన పని తాను చేసేసింది, టక్కున ప్లగ్గు పీకాను. మళ్లీ పెడితే దీపం వెలగలేదు.

రత్నక్కకు ఫోన్ చేసి, "కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చిందక్కా, చచ్చిపోయింది" అన్నాను. ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. "అట్లయితే అడాప్టర్ కాలింటాది. పొద్దున రైలుకొస్తా, ఏడవాక" అంది.

అన్నట్టే పదిన్నరకల్లా కొత్త అడాప్టర్ చేతిసంచిలో వేసుకుని దిగింది. మార్చి చూసింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. పాత అడాప్టర్‌కు మీటర్ పెట్టి చూస్తే అది నిక్షేపంగా ఉంది. "కరెంటు గట్టిగా కొట్టిందంటే ఇది ముందు పోవల్ల గదా" అని గొణుక్కుంటుంటే నాయన మజ్జిగ గ్లాసుతో వచ్చాడు.

"కరెంటు యాడ పోయిందమ్మా? లైటు రంగు మారితానే మా పాప టక్కున పీకేసింది. లేకుంటే అదంతా కాలిపోయుండు" అన్నాడు, కూతురి తెలివికి మురిసిపోతూ.

భూమి చీలితే దూరిపోదామనిపించింది. రత్నక్క మజ్జిగ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, నాయన లోపలికి పోయినాక నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

తలూపాను.

"పీకినా అని చెప్పుంటే కేబుల్ తెచ్చుకొనుంటానే మే" అంది. అంతే. ఆమె అన్నది మూడు తీగల చిన్న కేబుల్. బోర్డు మీది సూదుల్లాంటి కాళ్లకు తగిలించి, చచ్చిన రౌటర్‌ను కంప్యూటర్‌తో పలికిస్తారు. ధర్మవరంలో ఫోన్ల షాపుల్లో దొరికే వస్తువు కాదు. హిందూపురం పోయి తెచ్చే వ్యవధి లేదు. ఆమెతోపాటు ఎక్స్చేంజిలో పనిచేసిన జయమ్మ పెనుకొండలో ఉంది, ఆమె దగ్గర ఒకటుంది. రత్నక్క వీధిలోకి పోయి ఆమెతో ఫోన్‌లో మాట్లాడి, నన్ను బస్సెక్కించింది.

దారిపొడుగునా ఏడ్చాను. పెనుకొండలో జయమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, ఒక చేతిలో కవర్లో చుట్టిన కేబుల్, ఇంకో చేతిలో కాఫీ.

"రత్న కేబుల్ మరిచిపోయి వచ్చిందంట గదమ్మా. వయసైపాయె దానికి. నా మతిమరుపుకు పిల్ల ఎండలో తిరగతాండాది, కాఫీ తాపకుండా పంపించొద్దు అనింది" అంటూ గ్లాసు నా చేతిలో పెట్టింది.

రత్నక్క తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

రెండున్నరకు తిరిగి వచ్చాను. రత్నక్క కేబుల్ తగిలించి ఏవో ఆదేశాలు కొట్టింది. తెర మీద అక్షరాలు జారడం మొదలైంది. గీత మళ్లీ సగం దాకా పోయి ఆగింది, దీపం మళ్లీ నారింజకు తిరిగింది. ఈసారి పక్కనుంచి ఇంకో చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది, నాయనది. గబుక్కున పట్టుకున్నాను. "నాయనా, చేతులు కట్టుకో" అన్నాను. ముగ్గురం చేతులు కట్టుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు ఆ డబ్బా ముందు కూర్చున్నాం. మూడున్నరకు పచ్చ దీపం వెలిగింది. నాయన తన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నాలుగింటికి వ్యాపారి తెర మీదికి వచ్చాడు. నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేయసాగాడు. రెండో నిమిషంలోనే పోగు తెగింది. నాయన ఎవరు చూస్తున్నారో మరిచిపోయి మగ్గం ఆపి, కొసలు వెతికి ముడివేసి, ముడిని గోటితో సరిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. అవతలాయన నవ్వాడు. "చాలప్పా, ఇది చెయ్యే. ఉన్న చీరలు పంపించు" అన్నాడు. నాయన గోడౌన్ పనికి పోలేదు. ఈ రోజుకీ నేస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం రత్నక్కా నేనూ కలిసే హిందూపురం రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చుని ఆమే అడిగింది.

"ఎందుకట్ల చెప్పినావు?"

"తిడతారని."

"ఎప్పుడన్నా తిట్టినానా?"

ఆలోచించాను. ఒక్కసారి కూడా లేదు. ఆమెకు ముందు నన్ను తిట్టిన వాళ్లందరికీ భయపడి నేను ఆమెతో అబద్ధం చెప్పాను.

"తప్పు చేయని చెయ్యి ఉండదు. బాగుచేసే మనిషికి మటుకు ఉండేది ఉండేట్టు చెప్పల్ల. లేకుంటే ఆ మనిషి దావ తప్పి ఎతుకుతా ఉంటాది" అంది.

నాకు ధైర్యం వచ్చింది. "మరి మీరు జయమ్మతో అబద్ధం చెప్పినారు గదక్కా?"

"జయ బాగుచేసే మనిషి కాదు గదా! నీ తప్పుతో దానికేం పని? నాకు వయసైపాయె అంటే అందరూ నమ్ముతారు. వయసుకు ఆ మాత్రం లాభమన్నా ఉండొద్దా?" అని పల్లీల పొట్లం నా ఒళ్లో పడేసింది.

రత్నక్క పోయి రెండేళ్లయింది. ఆమె లేని లోటు చెప్పాలంటే నాకు మాటలు చాలవు. మగ్గాల ఇళ్లకు పోయి రౌటర్లు సరిచేసే పని ఇప్పుడు నేనూ చేస్తున్నాను, డిజైన్లతో పాటు. పోయిన నెల తాడిమర్రిలో, అంతకుముందు నేనే రౌటర్ పెట్టిన ఒక ఇంటికి పోయాను. దాంట్లో సెట్టింగులన్నీ చెరిగిపోయి ఉన్నాయి. ఏం జరిగిందని అడిగితే ఎవరికీ తెలియదన్నారు. అత్తగారు పెరట్లోకి పోయినప్పుడు కొత్తకోడలు నా పక్కన కూర్చుని, "అక్కా, వెనక రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కింది నేనే" అని గుసగుసగా చెప్పింది. అరగంటలో సరిచేశాను. అత్తగారు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఎవురు చెడగొట్టినారో చెప్పమ్మా" అంది. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాదే పొరపాటమ్మా. పోయినసారి సెట్టింగు సరిగ్గా పెట్టలేదు, వయసైపోతాండాది" అన్నాను. నాకు ఇంకా నలభై రాలేదు. అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. ఆ పిల్ల బస్సు దాకా నాతో నడిచివచ్చింది. పిన్ను కంటే ముందు ఏయే బటన్లు నొక్కిందో, ఎన్నిసార్లు నొక్కిందో, ఒక్కటీ దాచకుండా చెప్పుకుంటూ వచ్చింది.