కల్బాలో అక్క పట్టిన ఆవిరి

నేను పనిచేసే వార్డులో ఐర్లాండ్ నర్సు ఒకావిడ ఉండేది. ఒళ్లు నొప్పులని నేను మూలుగుతుంటే, వాళ్ల అమ్మమ్మ ఊళ్లో పూర్వం చెమట ఇళ్లుండేవని టీ తాగుతూ చెప్పింది. రాళ్లతో కట్టిన చిన్న గూడట, పాక్కుంటూ దూరాలట. లోపల మంటపెట్టి, రాళ్లు బాగా కాలాక నిప్పులు ఊడ్చేసి, గడ్డి పరిచి, నొప్పులవాళ్లని కూర్చోబెట్టి వాకిలి మూసేవాళ్లట. చెమటలు కారాక పక్కన వాగులో ముంచేవాళ్లట. ఆవిడ చూసింది మాత్రం కూలిపోయిన రాళ్లనే.

ఆవిడ నవ్వుతూ చెప్పింది గానీ, నాకు మా అక్క మీద బెంగ పట్టుకుంది. మాకు చెమట ఇల్లంటే అక్క దుప్పటే. వేపాకు, పసుపు వేసి మరిగించిన గిన్నె ముందు కూర్చోబెట్టి ముసుగు కప్పేసేది. ఆవిరితో ఏ రోగమూ పోదని, నర్సింగ్ చదివినదాన్ని కదా, తెగ వాదించేదాన్ని. వాదిస్తూనే దుప్పట్లో దూరేదాన్ని.

అక్క దూరంగా కూడా లేదు. బావకి ఇదే దేశంలో ఇంకో కొసన కల్బాలో కట్టుబడి పని, నాది అబుదాబి. కానీ అవి కరోనా రోజులు. వెళ్తే తిరిగి రావడానికి టెస్టు చూపించాలి, హాస్పిటల్లో సెలవివ్వరు. నాకు జ్వరం తగ్గినా నొప్పులు వదల్లేదు. ఈ ఎండల్లో చెమటకేం కరువు? ఆ చెమట నాకక్కర్లేదు.

ఇంతలో బావ పని పోయింది. "ఖలాసే, ఎల్లుండి ఊరెల్లిపోతన్నాం" అంది అక్క ఫోన్లో. ఇన్‌ఛార్జిని బతిమాలి ఒక్కరోజు సెలవు తెచ్చుకుని వెళ్లాను.

గదినిండా కట్టేసిన అట్టపెట్టెలు. వంటగిన్నెలన్నీ పక్కవాళ్లకి ఇచ్చేసి, నాకోసం ఒక గిన్నె మాత్రం ఉంచింది. రోడ్డు పక్క చెట్టు నుంచి వేపాకు దూసుకొచ్చింది. పెట్టెలో సర్దిన దుప్పటి మళ్లీ తీసి కప్పింది.

"చెమట పట్టిందా?" అంది బయట నుంచి.

"ఇంకా లేదక్కా."

అప్పటికే నిలువెల్లా తడిసిపోయాను. గిన్నెలో నీళ్లు చల్లారిపోతున్నాయి. నేను బయటికొస్తే ఆ దుప్పటి మడిచేస్తుంది, ఇంక ఈ దేశంలో మేమిద్దరం కలిసి చేసే పనేమీ మిగలదు.

"ఇంకా పట్టకపోవడమేంటే?" అంటూ దుప్పట్లోకి చెయ్యి పెట్టి నా వీపు తడిమింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఆగింది.

అక్క గిన్నె తీసుకెళ్లి మళ్లీ పొయ్యి మీద పెట్టింది.