‘నువ్వు’కు నేను చెప్పిన కారణం

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈ వారం దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మాస్టర్స్‌కని లండన్ వచ్చి, ఈస్ట్ హామ్‌లో ఒక ఆంటీతో కలిసి ఫ్లాట్‌లో ఉండేదాన్ని. ఆవిడది గుంటూరు వైపు. కేర్ హోమ్‌లో పని. ఆవిడను ‘మీరు’ అనేదాన్ని. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి బెండకాయలు తరుగుతూ, తన తండ్రి బతుకంతా ఒక కామందు దగ్గర పాలేరుగా చేశారని చెప్పారు. మర్నాడు పొద్దున “నువ్వు తిన్నావా ఆంటీ?” అన్నాను. కావాలని అన్నానా? లేదు. అనుకోకుండానే వచ్చిందంటే అది నాలో ఎంత లోతున ఉండి ఉండాలి? మా ఇంటి పాలేరును, తాత వయసు మనిషిని, పిల్లలం ‘ఏరా’ అనే పిలిచేవాళ్ళం.

ఆవిడ గరిటె పక్కన పెట్టారు.

“ఏమ్మాయ్, నిన్నటిదాకా మీరు, గారు! రాత్రికి రాత్రే చుట్టాలమైపోయామా?”

అప్పుడు నా థీసిస్, బానిసత్వం పోవాలని తొలినాళ్ళలోనే గొంతెత్తిన క్వేకర్ ఉపాధ్యాయుల మీద. ఆ శాఖ క్రైస్తవులు దొరనైనా కూలినైనా ఒకే మాటతో, ‘నీవు’ అని పలకరించేవారు. దాన్నే అడ్డం పెట్టుకున్నాను.

“క్వేకర్ పంతుళ్ళు అందర్నీ అలాగే అనేవారు ఆంటీ. నేనూ అలవాటు చేసుకుంటున్నా.”

“ఓహో! మరి ఇంటి ఓనర్ అంకుల్నీ నువ్వంటావా?”

“అంటాను.”

ఆ సాయంత్రమే ఓనర్ అంకుల్ వచ్చారు. “మీరు కూర్చోండి” అన్నాను. ఆంటీ విన్నారు. ఆ తర్వాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మనుషులందరినీ సమానంగా చూసిన క్వేకర్ల మాటను, ఒక మనిషిని తక్కువ చేసిన నా తప్పుకు ముసుగుగా కప్పి, అదే చేత్తో వారిని మెచ్చుకుంటూ థీసిస్ పూర్తిచేశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు క్రోయిడన్‌లో టీచర్‌ను. ఈ వారం తరగతిలో ఆ ఉపాధ్యాయుల పాఠమే చెప్పాల్సి వచ్చింది. సగంలో నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది. ఇంటికి రాగానే ఆంటీకి ఫోన్ చేశాను. మీ నాన్నగారి పని తెలిశాకే నా మాట మారిందని, క్వేకర్ల కబురు అబద్ధమని చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు. తర్వాత, షిఫ్టుకు టైమవుతోందని పెట్టేశారు.

క్షమించారో లేదో తెలియదు. అడగలేదు. అడిగే హక్కు నాకుందా? అయినా ఈ ఉదయం ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. రేపు పాఠం రెండో సగం చెప్పాలి. ఈసారి నా సంగతితోనే మొదలుపెడతాను.