బ్యాటరీ సీసాలో ఎనిమిది రొయ్యలు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మా పక్క క్వార్టరు అక్క కన్నుమూసింది. ఆమె కోడలు గోడ మీదుగా ఆ మాట చెప్పగానే నా నోట మొదట వచ్చింది, "రొయ్యలు మంచిగున్నయా?" అని. ఆ పిల్ల ఏడుపు ఆపి నన్నే చూసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్క విని ఉంటే మాత్రం నవ్వేది.

అక్క గోదావరి ఒడ్డు ఊరి మనిషి. భర్తకు బొగ్గుబాయి దీపాల గదిలో పని. అక్కడ పనికిరాదని పారేసిన పెద్ద గాజు బ్యాటరీ సీసాను తెప్పించుకొని, నెల రోజులు కడిగి, ఇసుకా రాళ్ళూ నాచూ వేసి, నాలుగు పరక చేప పిల్లల్ని, రెండు నత్తల్ని, ఐదు చిన్న రొయ్యల్ని పెంచింది. కొత్తగా ఏది వచ్చినా ముందు పది రోజులు ఖాళీ తొక్కు జాడీలో వేరుగా ఉండాల్సిందే. ఒకసారి ఎవరో ముద్దుగా ఉందని కొర్రమట్ట చేప పిల్లను తెచ్చిస్తే తిరిగి వాగుకే పంపింది.

"ముందుగాల నోరు చూడాలె చెల్లె. ఎవలి నోట్ల ఎవలు పడతరో చూసినంకనే ఒక్కతాన ఉంచాలె."

మా క్వార్టర్ల వరుసలో నా భయాలన్నీ ఓపికగా వినేది అక్క ఒక్కతే. అట్లాంటి మనిషి, ఒక ఏడు తన బిడ్డ కాన్పుకు మంచిర్యాల పోతూ ఆ సీసాను నాకు అప్పజెప్పింది.

"ఏమన్నయితే మల్ల నా మొకం చూస్తవా అక్కా?"

"దినాం చిటికెడు నూకలెయ్యి. నీ ఫికర్ మాత్రం అండ్ల ఎయ్యకు" అని రిక్షా ఎక్కింది.

మూడో రోజే ఇసుక మీద ఒక రొయ్య ఒరిగి కనిపించింది. కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి, కదలిక లేదు. మిగిలినవి లెక్కపెడితే నాలుగే. ఇక అక్క నాతో మాట్లాడదనుకున్నాను. దాన్ని పసుపు చల్లి మందార చెట్టు కింద పాతిపెట్టి, చేపలామె దగ్గరికి ఉరికి, అంతే పొడుగున్న బతికిన రొయ్యను తెచ్చి సీసాలో వదిలాను. పది రోజుల నియమం గుర్తుంటేగా! వారం లోపల మరొకటి, ఆపైన ఇంకొకటి ఒరిగాయి; ప్రతిసారీ పాతిపెట్టి, ఇంకోదాన్ని కొనితెచ్చాను. చచ్చింది కళ్ళ ముందుండగా బతికినవాటిని మళ్ళీ లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

"ఏందమ్మా, ఒక్కొక్క రొయ్యతోని ఏం కూరొండుతున్నవ్?" అని చేపలామె అడగనే అడిగింది.

మూడోసారి తెచ్చినదానికి చేతులు పొడుగు. వచ్చీరాగానే పరక తోక పట్టి గుంజింది. నేను నోరే చూశాను, చేతులు చూడలేదు. దాన్ని గరిటెతో తీసి తొక్కు జాడీలో వేశాను. సీసా పక్కన పీట వేసుకొని, గరిటె పట్టుకొని కాపలా కూర్చున్నాను.

అక్క రాగానే ఏడుపు ఆగలేదు. "మూడు సచ్చినయక్కా!"

ఆమె వంగి లెక్కపెట్టింది. "ఐదు వెట్టి పోయిన. గిప్పుడు ఏడున్నయ్. జాడీల ఒకటి. సచ్చినయి యాడ ఉన్నయే?"

మందార చెట్టు కింద తవ్వి చూపించాను. ఒకదాన్ని గోటితో ఎత్తి ఎండకు పట్టింది. లోపల ఏమీ లేదు.

"ఇది ఉత్త పెంకు, పిచ్చిదానా! ఒళ్ళు పెరిగితే అంగీ ఇరుకైతది, ఇడుస్తయ్. మెత్తగున్నన్ని దినాలు రాయెనుక దాక్కుంటయ్. నువ్వు అంగీలకు పసుపు చల్లి బొందవెట్టినవ్!" అని నేల మీద కూలబడి నవ్వింది. తర్వాత జాడీలోకి చూసి, "మరి గిదేం తప్పు చేసిందని జైల్ల ఏసినవ్?" అంది.

అప్పటి నుంచి ఎవరొచ్చినా ఆ కథే చెప్పేది. అయినా ఊరికి పోయిన ప్రతిసారీ సీసాను నాకే ఇచ్చేది. "బొందవెట్టేదాంక మంచిచెడ్డలు అరుసుకునేటోళ్ళు ఇంకెవలున్నరే?" అనేది.

దినాలు అయిపోయాక కోడలు ఆ సీసాను తెచ్చి మా కిటికీలో పెట్టింది. "అత్తమ్మ నీకే ఇయ్యమన్నది."

ఈ రోజు పొద్దున ఇసుక మీద ఒక రొయ్య ఒరిగి ఉంది. "అక్కా!" అని గోడ వైపు తిరిగి గట్టిగా పిలిచాను. తర్వాత వంగి రాయి వెనక చూశాను. అక్కడే ఉంది, గాజులా పలచగా, మీసాలు ఆడిస్తూ.

అది గట్టిపడేదాకా ఎవరూ కదిలించొద్దు. పీట వేసుకొని కూర్చున్నాను. గరిటె ఒళ్ళోనే ఉంది.