లుకౌట్ అంటే పైకి చూడమని

మా అమ్మాయి ఫోన్‌లో చూస్తున్న కార్టూన్‌లో ఎవరో "లుకౌట్!" అని అరిచారు. కూర కలుపుతున్న నేను తలెత్తి పైకప్పు వైపు చూశాను.

పాకాలలో తెలుగు బడి మాని ఇంగ్లీషు మీడియంలో చేరిన ఏడాది నాకు వచ్చిన ఇంగ్లీషంతా టీవీ కార్టూన్లలోదే. వాటిలో ఎవరైనా "లుకౌట్" అనగానే పైనుంచి బండరాయో బీరువానో పడేది. అందుకని ఆ మాటకు పైకి చూడమని అర్థం చెప్పుకున్నాను.

ఒకరోజు బడి ముందు ఒక పెద్దమ్మాయి సైకిల్ మీద వేగంగా వస్తూ "లుకౌట్!" అని అరిచింది. నేను కదలకుండా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాను. సైకిల్ వచ్చి గుద్దింది. మోకాలు చీరుకుపోయింది.

మా నాయన ఆటో తోలేవాడు. కబురు తెలిసి వచ్చి, నాకు కట్టు కట్టించాడు.

"తప్పుకోకుండా యాడ సూస్తా ఉండావు మే?"

"పైకి నాయనా. లుకౌట్ అనింది గదా."

ఆయన నవ్వలేదు. "నేనైనా పైకే సూసుంటా," అన్నాడు.

సాయంత్రాలు కాణిపాకం గుడి బాడుగలు మానుకుని ఆయన నా పక్కన కూర్చుని కార్టూన్లు చూసేది కాలక్షేపానికే అనుకునేదాన్ని. ఎక్కడెక్కడి నుంచో వచ్చే భక్తులతో నాలుగు మాటలు మాట్లాడాలని, ఆయనా నాతోపాటే ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడని ఇప్పుడు అర్థమవుతోంది.