తాటిచెట్టు, రోడ్డుకు ఎడమ పక్కన

ఆ కేసులో అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. అది అంతకాలం నడవడానికి కారణం అదేనని ఇప్పటికీ నా అనుమానం.

డెబ్భైల మధ్యలో సంగతి. అప్పుడు నేను విజయవాడలో కాలవల ఆఫీసులో గుమాస్తాను. మా సూపరింటెండెంటు గారికి బదిలీ అయింది. ఆయన వెళ్ళిపోతున్నందుకు ఆఫీసంతా ఎంత సంతోషించిందంటే, మంచి బహుమతే ఇవ్వాలని తీర్మానించాం. కొండపల్లి వెళ్ళి బొమ్మ తెచ్చే పని, బి.ఏ. చదివినవాణ్ణని నాకు అప్పగించారు. సన్మానం ఆ సాయంత్రమే కాబట్టి టాక్సీ కూడా మాట్లాడారు.

నాకు నచ్చిన బొమ్మ తాటిచెట్టు. మూరెడు పొడవుంటుంది. దాని మీదికి ఎక్కుతూ ఒక కల్లు గీసేవాడు.

"రంగు ఇంకా పచ్చిగా ఉందండీ, రేపు పట్టుకెళ్ళండి," అన్నాడు బొమ్మలాయన. రేపటికి సూపరింటెండెంటు గారు ఉండరు. పట్టుకొచ్చేశాను.

టాక్సీలో ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆయన యాభై దాటిన మనిషి. కారు ఎవరో ఓనరుది. ఆయనకంటూ ఉన్నది లైసెన్సు ఒక్కటే. ఇబ్రహీంపట్నం దాటాక ముక్కు ఎగబీల్చాడు.

"సార్, ఆ రంగు సీటుకి అంటిందంటే మా ఓనరు నన్ను బతకనివ్వడు. కాస్త బయట పెట్టుకోండి. గాలికి ఆరిపోద్ది కూడా."

సలహా బాగుందనిపించింది. కిటికీలోంచి ఎడమ చెయ్యి చాపి తాటిచెట్టును గాలికి పట్టుకున్నాను. ఆ రోజుల్లో చాలా బండ్లకు సిగ్నల్ లైట్లు పేరుకే ఉండేవి. ఎడమ పక్క కూర్చున్నవాడు చెయ్యి బయటికి చాపితే బండి ఎడమకి తిరుగుతోందని అర్థం. ఈ సంగతి నాకు తెలుసు. కానీ రంగు ఆరబెట్టుకుంటున్న మనిషికి తానొక సిగ్నల్నన్న ఆలోచన రాదు.

కొంత దూరంలో ఎడమ వైపు నుంచి ఒక ఊరి రోడ్డు వచ్చి కలుస్తుంది. ఆ మొగలో ఒకాయన సైకిలు ఆపుకుని నిలబడ్డాడు. చేపలు అమ్ముకుని ఏటి వైపు తిరిగి వెళ్తున్న మనిషి. వెనక ఖాళీ బుట్ట ఉంది. మా కారు తన రోడ్డులోకే తిరుగుతుందనుకుని ఆయన ధైర్యంగా ముందుకొచ్చాడు. ఆయన ఆగే ఉన్నాడు కదా అని మా డ్రైవరు వేగం తగ్గించలేదు. కారు తిన్నగా వెళ్ళి సైకిల్ని కొట్టింది.

ఆయన కాలు విరిగింది. థర్మల్ స్టేషను పనుల నుంచి తిరిగొస్తున్న లారీ ఒకటి ఆపి ఎక్కిస్తుంటే, అంత నొప్పిలోనూ డ్రైవర్ని నిలదీశాడు.

"చెయ్యి చూపిచ్చి తిన్నగా ఎట్టా వచ్చావయ్యా?"

"నేనెక్కడ చెయ్యి చూపిచ్చా? నా చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నయ్!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మూడో చేతిని నేను వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

హెడ్డు కానిస్టేబులు వచ్చి పంచనామా రాశాడు. కారు ఒకటి, ముందు దీపం పగిలినది. సైకిలు ఒకటి, చక్రం వంగినది. చేపల బుట్ట ఒకటి, ఖాళీ. బొమ్మ నా చేతిలోంచి ఎగిరి రోడ్డు పక్కన పడింది. కల్లు గీసేవాడు ఊడి ఎటుపోయాడో తెలియదు. "తాటిచెట్టు ఒకటి, రోడ్డుకు ఎడమ పక్కన," అని రాశాడు.

"చెక్కది అని రాయరా?" అన్నాను.

నన్ను అనుమానంగా చూశాడు. "తాటిచెట్టు చెక్కది కాకపోతే ఇనపదా అండీ?"

ఎక్కేవాడు లేని తాటిచెట్టును బహూకరిస్తే సూపరింటెండెంటు గారు వేరే అర్థం తీసుకోవచ్చు. దాన్ని మా ఇంటికి చేర్చాను. ఆయనకు పూలదండతో సరిపెట్టారు.

డ్రైవరు మీద నిర్లక్ష్యంగా నడిపాడని కేసు పెట్టారు. నేరం రుజువైతే లైసెన్సు పోతుందని ఆయన దిగులు. కేసు వాయిదా పడ్డప్పుడల్లా మా ఆఫీసుకు వచ్చేవాడు.

"మీరు పక్కనే ఉన్నారు కదా సార్. నేను చెయ్యి పెట్టలేదు కదా?"

"మీరు పెట్టలేదండీ," అనేవాణ్ణి, 'మీరు' అన్న మాట మీద మరీ బరువు పడకుండా.

బొమ్మ బయట పెట్టమన్నది తనేనని ఈయనకు గుర్తుందా? ఉండే నన్ను పరీక్షిస్తున్నాడా? మొదటిసారి టీ ఇప్పించాను. రెండోసారి టీతో పాటు బిస్కట్లు. మూడోసారి ఆయన బిస్కట్టును అటూ ఇటూ తిప్పి చూసి, తినకుండా సాసర్లో పెట్టేశాడు.

నేను పోలీసుల తరఫు సాక్షిని. అయినా విచారణకు ముందు డ్రైవరు ప్లీడరు గారు నాకు కబురు పెట్టారు. నేను చెయ్యి సంగతి ఎత్తబోతే ఆపేశారు.

"బండిలోంచి చెయ్యి బయటికొచ్చిందన్నారో, ఆ లైసెన్సు గోవిందా. మీరేం అబద్ధం చెప్పక్కర్లేదు. మొగలో తాటిచెట్టు అడ్డం, మనిషి కనపడలేదు, అయిపోయింది. తాటిచెట్టు ఉందా? ఉందనండి. దిగిపోండి."

ఆయనకు అది బొమ్మ అని తెలియదేమో, తెలిసీ తెలియనట్టున్నారేమో నేను తేల్చుకోలేకపోయాను. ఆయన కళ్ళజోడు బాగా మందం.

కోర్టులో ముందు చేపలాయన్ని పిలిచారు. చంకకర్ర మీద వచ్చాడు.

"అక్కడ తాటిచెట్టే లేదు బాబయ్యా. నా చిన్నప్పట్నించీ ఆ దారే నాది."

"పోలీసువారు రాసుకున్న చెట్టు లేదంటావేమయ్యా?" అన్నారు ప్లీడరు గారు. "చెట్టే కనపడనివాడికి చెయ్యెట్లా కనపడింది?"

జనం నవ్వారు. ఆయన ప్లీడరు చేతిలోని కాగితాన్నే చూస్తూ నిలబడ్డాడు. "కాయితంలో ఉందంటే ఉండే ఉంటది. నాకే మతిపోయిందేమో," అన్నాడు మెల్లగా.

తరవాత నేను బోనెక్కాను. పోలీసుల తరఫున అడగాల్సినవి అడిగారు. ఊరు, పేరు, కారు వేగం. తరవాత ప్లీడరు గారు లేచారు.

"సంఘటన జరిగిన చోట తాటిచెట్టు ఉందా?"

"ఉందండి."

ప్లీడరు గారు తృప్తిగా కూర్చున్నారు. అంతసేపూ రాసుకుంటున్న మేజిస్ట్రేటు గారు తలెత్తారు.

"ఎంత ఎత్తుంటుంది?"

చేపలాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. తన కాలు చూసుకుంటున్నాడు.

"మూరెడండి."

"మూరెడు చెట్టు కారుకి అడ్డమొచ్చిందా?"

"అడ్డం రాలేదండి. కారులోనే వచ్చింది."

"ఇప్పుడెక్కడుంది?"

"మా ఇంట్లో, అలమరలో."

ఇక మిగతాది చెప్పక తప్పలేదు. ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను పూర్తి చేసేలోపే డ్రైవరు గొంతు వినబడింది.

"బయట పెట్టమంది నేనేనండి. ఆ సారుకేం తెలవదు."

"చెయ్యి ఉందిగా! నే చెప్పలా?" అని చేపలాయన చంకకర్ర నేలకేసి కొట్టాడు. ఆయన మొహంలో అంత వెలుగు విరిగిన కాలు అతుక్కున్నప్పుడు కూడా వచ్చి ఉండదు.

బండిలోంచి బయటికొచ్చిన చెయ్యి ఎవరిదైనా దాని బాధ్యత డ్రైవరుదేనని, మొగ దగ్గర మనిషి ఆగి ఉన్నా వేగం తగ్గించాల్సిందేనని మేజిస్ట్రేటు గారు తీర్పు రాశారు. జరిమానా వేశారు. నిజం ఒప్పుకున్నందుకు లైసెన్సు జోలికి పోలేదు. చేపలాయన నష్టపరిహారం దావాకు ఆ తీర్పే ఆధారమైంది. మేజిస్ట్రేటు గారు నా వైపు చూసి, "చదువుకున్నవారు," అన్నారు. నాకు శిక్ష అంతే, ఇంకా అనుభవిస్తున్నాను.

బయటికొచ్చాక డ్రైవరు నా పక్కన నడిచాడు.

"మీరు మర్చిపోయారేమోనని నేను గుర్తు చెయ్యలేదు సార్. తీరా టీలు, బిస్కట్లు మొదలెట్టేసరికి మీకు గుర్తుందేమోనని అనుమానం వచ్చింది."

"మీరు మర్చిపోయారనే నేనూ టీలు ఇప్పించాను."

"ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతా," అన్నాడు.

ముందు తలుపు మీద చెయ్యి వేశాను. ఆయన వెనక తలుపు తీశాడు. బయట ఎండ మండిపోతోంది. నన్ను కూర్చోబెట్టి, రెండు పక్కలా తిరిగి, కిటికీ అద్దాలు పైదాకా బిగించాడు.