పుస్తకాల బస్సు తాయిస్తో

తాయిస్తో నోట్లో నాలుక లేని మనిషని ఊళ్ళో అందరూ అంటారు. అలా అనేవాళ్ళూ రోజుకి పది మాటలు మించి మాట్లాడరు, అది వేరే సంగతి. ఫిన్లాండ్ తూర్పు అడవుల్లో ఇరవై ఏడేళ్ళుగా అతను పుస్తకాల బస్సు నడుపుతున్నాడు. డ్రైవరూ అతనే, లైబ్రేరియనూ అతనే. అరవై ఒకటి నిండాయి, నడుం పట్టేస్తోంది. అయినా గడ్డకట్టిన దారిలో అంత బస్సునీ ఒక్క చేత్తో వెనక్కి తిప్పుతుంటే ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది.

అతను పనిలో చేరినప్పుడు బస్సు ఆగకముందే పిల్లలు మెట్లెక్కేసేవాళ్ళు. తరవాత పనులు వెతుక్కుంటూ కుర్రకారంతా దక్షిణానికి పోయింది. పిల్లలు లేరని బడి మూశారు. జనం లేరని దుకాణం మూశారు. ఆ వెనకే పోస్టాఫీసు, బ్యాంకు, వారానికోసారి నర్సు వచ్చి కూర్చునే గది కూడా పోయాయి. అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చేసుకోండి అన్నారు. ఎనభై ఏళ్ళవాళ్ళు ఏం చేసుకుంటారండీ, వాళ్ళ మొహం! ఆ ముసలివాళ్ళంతా కాగితాలు పట్టుకుని పుస్తకాల బస్సు దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

తాయిస్తో ఎవరినీ కాదనలేదు. పెన్షన్ ఉత్తరాలు చదివిపెట్టేవాడు, పట్నం నుంచి మందులు తెచ్చిచ్చేవాడు. అయితే ఊరి ఆఫీసు లెక్కలో వీటిలో ఏదీ పని కాదు. ఎన్ని పుస్తకాలు అరువిచ్చావు, అదొక్కటే పని.

అతని దారిలో చివరి మజిలీ కుయిక్కపెరా. అక్కడ మిగిలింది ఐదుగురు. వాళ్ళలో పెద్దది హిల్యా, ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఒంటరిది. ఆమె కళ్ళ వెనక పొర చెడిపోతోంది. రెండు నెలలకోసారి కంట్లో ఇంజెక్షన్ పడకపోతే ఉన్న చూపూ పోతుందని డాక్టర్లు చెప్పారు. ఆ తేదీ కంప్యూటర్లోనే వస్తుంది, తీసుకెళ్ళే టాక్సీని కంప్యూటర్లోనే అడగాలి. రెండూ తాయిస్తో బస్సులో కూర్చుని చేసిపెడతాడు. ఆమె వచ్చినప్పుడల్లా ఆరు పుస్తకాలు తీసుకుంటుంది, రెండు వారాలకి ఆరూ తిరిగి ఇస్తుంది. చూపు నిలబడిందని అతను లోలోపల సంబరపడేవాడు.

ఆ ఆగస్టులో ఆఫీసుకి డబ్బు చాలక నాలుగు మజిలీలు ఎత్తేస్తామన్నారు. ఏవి ఎత్తేయాలో జనాన్నే అడుగుదామని కాగితాలు పంచారు. బస్సు మీకు ఎంత అవసరం, అది రాకపోతే ఎలా, రాయండి అని. తాయిస్తో నిశ్చింతగా ఉన్నాడు. అవసరమైనవాళ్ళు అవసరమని రాస్తారు కదా అనుకున్నాడు. ఆ మనుషుల మధ్యే పుట్టి పెరిగినవాడు అలా ఎలా అనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక్కడివాళ్ళకి ఒక జబ్బుంది. ఇల్లు తగలబడుతుంటే ఫైరింజన్‌కి ఫోన్ చేసి, తీరిగ్గానే రండి, తొందరేం లేదు అనే రకం. సాయం అడిగితే తల తెగినట్టే.

అక్టోబరులో అతని పై అధికారి మర్యుత్ కుయిక్కపెరా కాగితాలు అతని ముందు పెట్టింది. ఐదింటిలోనూ ఒకటే మాట, మేం నెట్టుకొస్తాం అని. ఒకరు, పిల్లలున్న ఊళ్ళకి పంపండి అని కూడా రాశారు, ఆ చుట్టుపక్కల పిల్లలెక్కడున్నారో మరి. గీత దాటి కిందికి జారిపోయిన అక్షరాలు హిల్యావి. "తాయిస్తోకి నడుం నొప్పి. మా గుట్ట దారి జారుడు. నా కోసం శ్రమ పడొద్దు."

"వాళ్ళే వద్దంటే నేనేం చెయ్యను, తాయిస్తో?" అంది మర్యుత్. అభ్యంతరాలుంటే పద్నాలుగు రోజుల్లో రాసివ్వమంది.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. వీళ్ళు పెట్టిన అన్నాన్ని కూడా పక్కవాళ్ళ కంచంలోకి తోసేశారు. తాయిస్తోకి కోపం వచ్చింది. ఆ శనివారం సెలవైనా సొంత కారేసుకుని అరవై కిలోమీటర్లు వెళ్ళాడు.

"నెట్టుకొస్తావా? ఎలా నెట్టుకొస్తావు?" అన్నాడు హిల్యా వంటింట్లో నిలబడి. "నీ ఇంజెక్షన్ తేదీ ఎవరు చూస్తారు? టాక్సీకి ఎవరు చెప్తారు?"

ఆమె కాఫీ పొయ్యి మీద పెట్టింది. "ముష్టెత్తడం మా అమ్మ నేర్పలేదు, తాయిస్తో."

తాయిస్తోకి వాళ్ళమ్మా నేర్పలేదు. కాఫీ తాగాడు, రెండో కప్పూ తాగాడు. చివరికి, నీ సంగతి వదిలెయ్, బస్సు రాకపోతే పక్కింటి వేయిక్కో ఏమవుతాడు అని అడిగాడు.

అంతే, ఆమె అందుకుంది. వేయిక్కో గుండె మందులెవరు తెస్తారంది. భార్య పోయాక వాడు బస్సు వచ్చే రోజున తప్ప గడ్డం గీసుకోడంది. వాడలా ఒంటరిగా పడి ఉంటే అడిగే దిక్కెవరని నిలదీసింది. తాయిస్తో కాగితం తీసి, ఇదంతా రాసియ్యమన్నాడు. నా రాత కోడి కెలికినట్టుంటుంది, నువ్వే రాయి అంటూ చెప్పి రాయించి, కింద సంతకం గీకింది.

తాళంచెవి దొరికింది. తాయిస్తో మిగిలిన నాలుగిళ్ళకీ వెళ్ళి పక్కవాళ్ళ గురించి మాత్రమే అడిగాడు. తమ కోసం ఒక్క మాట అడగని మనుషులు పక్కవాళ్ళ కోసం పేజీలు నింపారు. వేయిక్కో తన ఉత్తరం చేతికిచ్చి, తప్పులుంటే దిద్దమన్నాడు.

కార్లో కూర్చుని తాయిస్తో అది చదివాడు. "హిల్యాకి కిందటేడు వసంతం నుంచి అక్షరాలు కనబడటం లేదు. ఇంజెక్షన్ వల్ల గుమ్మం, దారి, మనిషి ఆకారం మాత్రం ఆనుతున్నాయి. అదీ పోతే ఇంట్లో ఉండలేదు. ఆమె పుస్తకాలు తీసుకునేది చదవడానికి కాదు. లెక్క తగ్గితే బస్సు ఆపేస్తారని."

అతను ఆ ఉత్తరం రెండోసారి చదివాడు. ఏడాదిన్నర పాటు ఈ పుస్తకం ఎలా ఉంది హిల్యా అని అడిగాడు, బాగుంది అని ఆమె చెప్పింది. తన బుద్ధి ఏ గడ్డి తినపోయిందని తనను తానే తిట్టుకున్నాడు. ఆఫీసువాళ్ళు చూస్తే ఆ అరువుల్ని కొట్టేస్తారేమో, ఆ వాక్యం తీసేద్దామా అనుకున్నాడు. పరాయివాడి ఉత్తరం, చెయ్యి రాలేదు. ఉన్నదున్నట్టే మర్యుత్‌కి ఇచ్చాడు.

ఊరి ఆఫీసు మీటింగులో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. కుయిక్కపెరాని ఒక ఏడాది ఉంచుతాం, నెలకోసారి మాత్రమే అన్నారు. ఇంజెక్షన్ల తేదీలకి అది సరిపోతుంది.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం హిల్యా కమ్మీ పట్టుకుని బస్సెక్కింది. ఆరు పుస్తకాలు బల్ల మీద పెట్టింది. తాయిస్తో ఎలా ఉన్నాయని అడగలేదు.

"వేయిక్కో రాశాడు, హిల్యా."

ఆమె చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుంది. "వాడికెందుకు నా ఊసు?"

"ఏడాదిన్నర మోసుకెళ్ళి మోసుకొచ్చావు."

"మోయడమేగా. చేతులు బాగానే ఉన్నాయి."

అతనికి కళ్ళు చెమర్చాయి. ఆమెకి కనబడవని తెలిసినా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమెను డ్రైవరు సీటు వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, పైనున్న పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో అతను ఒకరికి పుస్తకం పైకి చదివి వినిపించింది లేదు. పేర్ల దగ్గర తడబడ్డాడు. వేయిక్కో తలుపు దాకా వచ్చి, చూసి, బయటే నిలబడ్డాడు.

మూడో పేజీలో ఆమె మెల్లగా అంది. "నాకిక చేతకావడం లేదు, తాయిస్తో."

తెలుసన్నట్టు అతను ఆమె చేతి మీద చెయ్యి వేసి, పేజీ తిప్పి చదువుతూ పోయాడు.