ఆ వంతెన ఊగుతాదా?

పునలూరులో వేలాడే వంతెన మీద నడిచానని మా ఆవిడకు చెప్పిన అబద్ధానికి ఇరవై నాలుగేళ్ళు. పెద్ద అబద్ధమేమీ కాదు. దానివల్ల ఎవరి కొంపా మునగలేదు. కాకపోతే ఒకసారి చెప్పి ఊరుకునే రకం కాదది. ఏడాదికి రెండు మూడుసార్లు మళ్ళీ చెప్పాల్సి వచ్చేది, చెప్పినప్పుడల్లా కాస్త పెరిగేది.

పెళ్ళయిన రెండో ఏడు మొదటిసారి మాల వేసుకున్నాను. మా వీధి నేతగాళ్ళతో కలిసి ధర్మవరం నుంచి బస్సులో శబరిమలకు బయలుదేరాను. తమిళనాడు దాటి కేరళలోకి దిగాక ఒక పొద్దున పునలూరు వచ్చింది. ఊరి నడుమ ఏరు. ఏటి మీద బండ్లు పోయే కాంక్రీటు వంతెన, దాని పక్కనే తెల్లదొరల కాలంలో కట్టిన పాత వంతెన, గొలుసులకు వేలాడుతూ. టీ కోసం బస్సు ఆపారు. స్వాములంతా దిగి, ఆ వంతెన మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వచ్చారు. నేను మాత్రం సీట్లో కాళ్ళు ముడుచుకుని నిద్రపోయాను. బస్సు కదిలిన కుదుపుకు మెలకువ వస్తే కిటికీలో గొలుసులు కనబడ్డాయి. కళ్ళు నులుముకునేలోగా అవీ పోయాయి.

ఇంటికి చేరాక మా ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఏమేమి చూస్తివి?" అంది. పంప, పదునెనిమిది మెట్లు, మకరజ్యోతి అన్నీ ఆమె చిన్నప్పటి నుంచి వింటున్నవే. ఎవరూ చెప్పనిది నేనొక్కటైనా చెప్పాలి కదా, కొత్త మొగుణ్ణి! తోటి స్వామి ఒకాయన అక్కడ కొన్న వంతెన బొమ్మ కార్డుల్లో నాకొకటి ఇచ్చాడు. అది తీసి చూపించాను.

"దీని మీద నడిస్తివా?"

"నడవకేం!"

"ఊగుతాదా?"

"ఊయల మాదిరి."

అంతే. ఆ మాట నోట్లోంచి జారాక వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. ఆమె ఆ బొమ్మను మగ్గం పక్క గుంజకు అన్నం మెతుకులతో అంటించింది.

మాది కుట్టు అంచు చీరలు నేసే మగ్గం. ఈ చీరకు అంచుదొక రంగు, ఒంటిదొక రంగు. రెండు రంగులూ కలిసేచోట ఒక పోగు ఇంకో పోగును పట్టుకోవాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు ఆడాలి. నడిమి నాడె, ఎడమ అంచు నాడె నావి. కుడి అంచు నాడె ఆమెది. నా నడిమి నాడె అటు పోయేసరికి ఆమె తన పోగుతో దాన్ని పట్టుకుంటేనే నేను పన్నె కొట్టి పోగును బిగించాలి. ఆమె ఆగితే నేనాగాలి, నేనాగితే ఆమె ఆగాలి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఇద్దరం పక్కపక్కనే, ముఖాలు చూసుకోకుండా, కళ్ళు పోగుల మీద పెట్టి కూర్చునేవాళ్ళం. మాటలు తప్ప వేరే కాలక్షేపం లేదు. మాటలు అయిపోయిన రోజున, నా చెయ్యి మందగించిన రోజున, ఆమె తలెత్తకుండానే అడిగేది, "ఏమయ్యా, ఊగుతాదా ఆ వంతెన?" అని.

ఇక నేను మొదలుపెట్టేవాణ్ణి. మొదటి ఏడు అది ఊగింది, అంతే. రెండో ఏడు నడుమకు పోయేసరికి నాకు కళ్ళు తిరిగాయి. ఇంకో ఏడు ఎవరో ముసలాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని దాటించాడు. ఆ పైన ఎదురుగా ఒక ఆవు వచ్చింది, అది కదలదు, నేను కదలను. మరోసారి వాన కూడా కురిసింది. అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. పోగులు అతకడమే బతుకైనవాణ్ణి, నాకిది లెక్కా? ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వి నవ్వి నాడె జారవిడిచేది. "అదేం రంగు ఆవు?" అనేది. తెల్లదనేవాణ్ణి.

తర్వాత ఐదారుసార్లు కొండకు పోయినా బస్సు ఆ దారిన పోలేదు. దోవ మార్చమని అడిగితే ఎందుకంటారని నేనూ నోరు మెదపలేదు. ఎప్పటికైనా ఒకసారి నిజంగా నడిచేస్తే అబద్ధం కాస్తా నిజమైపోతుందని సర్దిచెప్పుకున్నాను.

యాభై దాటనిదే ఆడవాళ్ళు మాల వేసుకోరు. ఆమెకు యాభై ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు. లోకంలో ఏ ఆడదైనా వయసు దాచుకుంటుంది గానీ ఈమె ఒకటి రెండు కలిపి చెప్పుకునేది. "యాభై నిండనీ, నేనూ వస్తా. కొండ సంగతి తర్వాత, ముందు ఆ వంతెన మీద నడిపించు," అనేది. నడిపిస్తానులే అనేవాణ్ణి. అది ఊగకపోతే ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. ఈ మధ్య బాగుచేసి బిగించినట్టున్నారు అనేద్దామని.

నలభై తొమ్మిదో ఏట పోయింది. జ్వరమన్నారు, తర్వాత గుండె అన్నారు. నాలుగు రోజులు. అప్పటికి మగ్గం మీద చీర సగం నేసి ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, కుంకుమరంగు అంచు.

పెద్దకర్మ అయ్యాక చీర సంగతి కనుక్కోమని షావుకారు మనిషిని పంపాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు పక్కన కూర్చుంటామన్నారు. నేను ఒప్పుకోలేదు. చెయ్యి మారితే గుడ్డకు తెలిసిపోతుంది. ఒక్కొక్కరు పోగు లాగే బిగువు ఒక్కో రకం. చెయ్యి మారిన చోట సన్నటి గీత పడుతుంది. కట్టుకునేవాళ్ళకు కనబడదు, నేసినవాడి బొటనవేలికి అందుతుంది. ఆ గీత చూడటం నా వల్ల కాదనుకున్నాను. మగ్గం మీద దుప్పటి కప్పేసి ఇంకొకరి మగ్గం మీద కూలికి పోయాను.

కార్తీకం వచ్చింది. వీధంతా నల్లబట్టలు, శరణుఘోష. ఇంట్లో చావు జరిగితే ఏడాది దాకా మాల వేయకూడదు. బస్సు బయలుదేరుతుంటే టెంకాయ కొట్టడానికి కూడా ముందుకు పోలేక దూరంగా నిలబడ్డాను. ఇంటికి వచ్చి దుప్పటి తీశాను. గుంజ మీద బొమ్మ రంగు వెలిసి, గొలుసులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె అడిగీ అడిగీ నేను చెప్పీ చెప్పీ అరిగిపోయినట్టుంది. మరుసటి వారం చేతిసంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని ఒక్కణ్ణే రైలెక్కాను.

"మాల లేదు, మొక్కు లేదు, కేరళకు ఏం పనిమీద పోతాండావబ్బా?" అని స్టేషన్లో తెలిసినాయన అడిగాడు.

"వంతెన చూసేదానికి," అన్నాను.

బెంగళూరులో రైలు మారి, కొల్లంలో దిగి, బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి పునలూరు చేరాను. బస్టాండుకు దగ్గరే వంతెన. అబద్ధంలో చూసిందానికన్నా నిజం బాగుంది, అది ముందు ఒప్పుకోవాలి. ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి నల్లరాతి ద్వారాలు, కోటవాకిలి మాదిరి. వాటి నెత్తి మీదుగా గొలుసులు దిగి, ఏటి నడుమకు వంగి, మళ్ళీ పైకి లేచిపోతాయి. ఆ గొలుసుల నుంచి నిలువుగా ఇనుపకడ్డీలు, కడ్డీలకు కింద చెక్కల దారి. ఏటి మధ్యలో ఒక్క స్తంభం లేదు. మగ్గం మీద పడుగు బిగువు చూసి చూసి పండిన కళ్ళు నావి. ఎంత బిగించాలో, ఎంత వదలాలో తెలిసిన చెయ్యి ఇంకెవరిదో ఆ గొలుసుల్లో కనిపించింది. ఇంకాస్త లాగితే తెగేది, ఇంకాస్త వదిలితే కుంగేది. ఎవడు కట్టాడో గానీ మంచి పనివాడు. అరగంట సేపు ఒడ్డునే నిలబడి చూశాను.

తర్వాత ఎక్కాను. పది అడుగులు వేశాను, ఇరవై వేశాను. నడుమకు పోయాను. ఊగలేదు.

ఊగకపోవడమంటే అట్లా ఇట్లా కాదు, మా వీధి రోడ్డు మాదిరి నిలబడి ఉంది. చెక్కల్లో ఎక్కడో సన్నటి అదురు, అంతే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అటూ ఇటూ చూసి ఒకసారి ఎగిరాను. ఇంకోసారి, ఈసారి గట్టిగా ఎగిరాను. యాభై మూడేళ్ళ మనిషిని, పంచె ఎగగట్టి, చేతిసంచి చంకన పెట్టుకుని, నలుగురూ చూస్తుండగా ఆ చెక్కల మీద చిన్నపిల్లాడి మాదిరి గంతులేశాను. కాపలా ఆయన కేకేసుకుంటూ వచ్చాడు. ఆయన మలయాళం, హిందూపురం సంతల్లో నేర్చిన నా కన్నడం కలిపి ఎట్లాగో మాట్లాడుకున్నాం. ఊగదా ఇది అని చేతులు ఊపి అడిగాను. ఊగదు, ఎప్పుడూ ఊగలేదు అన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. నన్ను ఒడ్డుకు తీసుకుపోయి చూపించాడు. గొలుసుల కొసలు రెండు పక్కలా బావుల్లాంటి గుంతల్లోకి దిగి ఉన్నాయి. రెండు కొసలూ అట్లా నేలలో పట్టుకుని ఉన్నందుకే నడుమ ఏమీ లేకపోయినా నిలబడుతుందట.

మళ్ళీ నడుమకు పోయి నిలబడ్డాను. ఒక కొత్త జంట వచ్చి తమ ఫోను నా చేతికిచ్చి ఫోటో తీయమన్నారు. తీశాను. మీదీ తీయాలా అని ఆ పిల్ల సైగ చేసింది. వద్దన్నాను. కింద ఏరు నిదానంగా పోతోంది. ఊగదే, ఇది ఊగదు, నేను అప్పుడు ఎక్కనే లేదు అని ఆమెతో చెప్పాలనిపించింది. ఇరవై నాలుగేళ్ళకు ఇప్పుడు నా దగ్గర నిజం ఉంది, అడిగే మనిషి లేదు. ఆమె పోయిన రోజున కూడా అంత ఒంటరిగా లేను. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు.

వెనక్కి వచ్చేటప్పుడు హిందూపురం దాటాక పెనుకొండ కొండ కిటికీలో కనబడింది. ధర్మవరం దాకా పోవాల్సినవాణ్ణి అక్కడే దిగేశాను. మా ఆవిడ అక్క, మా వదిన, ఆ ఊళ్ళోనే ఉంటుంది. శెనక్కాయల సేద్యం చేసే ఇంటికి ఇచ్చారు. పుట్టిల్లు మాత్రం మగ్గాల ఇల్లే. అరటికాయ చిప్సు పొట్లం చేతిలో పెట్టాను. ఎక్కడికి పోయొచ్చావని అడగలేదు. పొట్లం మీది మలయాళం అక్షరాలు కాసేపు చూసి, "మగ్గం మీద చీర అట్లనే ఉండాదా?" అంది.

"అట్లనే ఉంది వదినా."

"సగంలో ఇడిస్తే అది పైలోకంలో కూడా నిన్ను తిడతాది. పద, నేను కూసుంటా."

వీధివాళ్ళకు చెప్పినట్టు వదినకు వద్దని చెప్పలేకపోయాను. మూడో రోజు బట్టలు సర్దుకుని ధర్మవరం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నాడె ముట్టని చెయ్యి, మొదటి పూటంతా తడబడింది. అనుకున్నట్టే గీత పడింది. బొటనవేలితో తడిమాను. గీతకు అవతల మా ఆవిడ, ఇవతల మేము. రెండో రోజుకు వదిన చెయ్యి కుదురుకుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. నా చెయ్యి మందగించింది.

"ఏం మరిదీ, ఊగుతాదా ఆ వంతెన?" అంది వదిన, తలెత్తకుండా.

నా చేతిలో నాడె ఆగిపోయింది. దాచి ప్రయోజనం లేదనిపించింది. "ఊగదు వదినా. నేను మొన్న పోయి చూసినా. అప్పుడు నేను ఎక్కనేలేదు, బస్సులో నిద్రపోయినా. దానికి ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పినా."

"దానికి తెలుసు."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె మాత్రం పోగుల్నే చూస్తోంది.

"ఆ ఏడే తెలుసు. మీ గురుస్వామి ఇంటామె చెప్పిండాది. మీ ఆయన్ని లేపితే కూడా లేయలేదంటమ్మా అని."

"మరి ఎందుకు అడుగుతాండె?"

"నువ్వు చెప్పేది బాగుంటాదంట. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా అదే నవ్వు. పోయినసారి ముసలాయన్ని తెచ్చినాడక్కా, ఈసారి ఆవును తెచ్చినాడు, ఇంగ ఏనుగొచ్చేదాకా అడుగుతా అంటాండె. మరి యాభై నిండినాక పోతావు కదా, ఆడ ఊగకపోతే ఏం చేస్తావే అంటే, నేనే ఎగిరెగిరి ఊపుతాలే, ఆయన్ని నలుగుర్లో ఎందుకు చిన్నబుచ్చేది అనింది."

మా ఆవిడ పోయాక ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. పట్టుచీర మీద నీళ్ళు పడితే మరక పడుతుందని వదిన నా ముఖాన్ని చేత్తో పక్కకు తిప్పింది. ఆమె కళ్ళూ నిండే ఉన్నాయి. చాలాసేపటి తర్వాత కొంగుతో తుడుచుకుని, తన నాడె తీసుకుని సిద్ధంగా కూర్చుంది.

"చెప్పప్పా. ఊగుతాదా?"

నేను గుంజ మీది బొమ్మ వైపు చూశాను.

"ఊగుతాది వదినా," అన్నాను. "ఊయల మాదిరి. ఈసారి మీ చెల్లెలు కూడా నాతో వచ్చింది. ఎదురుగా ఏనుగొచ్చింది. ఆ ఏనుగు భయపడి నడుమ చెక్కల మీద కూసునేసింది. లేయమంటే లేయదు."

నడిమి నాడె విసిరాను. వదిన తన పోగుతో దాన్ని పట్టుకుంది.

"ఊఁ, తర్వాత?" అంది.